దిక్సూచి గదికో దిక్కు చూపిస్తోంది; మేస్త్రీ గుండు మాత్రం ఎందుకు వాలదు?

తూర్పు_బాల్కనీ
మారతహళ్లిలో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశానికి సిద్ధమవుతున్నాము. మా మామగారు అనంతపురం నుంచి వచ్చి, దిక్కులు సరిచూస్తానని ఫోనులోని దిక్సూచిని తెరిచి ఇల్లంతా తిరిగారు. హాలు మధ్యలో ఒక వైపును ఉత్తరమని చూపించిన ఆ ఫోనే, మేము పూజగదికి అనుకున్న గోడ దగ్గరికి వెళ్లేసరికి 27 డిగ్రీలు పక్కకు జరిగింది, పడకగదిలో ఇంకో దారి పట్టింది. అమ్మేటప్పుడు మాకు చెప్పిన తూర్పు ముఖం అబద్ధమని ఆయన తేల్చేశారు. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. భూమి అంతటి వస్తువు పుట్టించే అయస్కాంత క్షేత్రం నాలుగడుగుల దూరంలో దిశ మార్చుకుంటే, గురుత్వ క్షేత్రం కూడా అలాగే మారాలి కదా, మరి తాపీ మేస్త్రీ దారానికి కట్టి వేలాడదీసే గుండు ప్రతి గదిలోనూ నిటారుగానే ఎందుకు ఉంటుంది అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

ఎండుమిర్చి
బెంగళూరులో చదరపు అడుగుకు ఎటువైపు ధర ఎక్కువ పలికితే అటువైపును తూర్పు అంటారు. దీనికి భౌతికశాస్త్రం అక్కరలేదు.

గుండుసూది
మామగారి ఫోనుకు పుస్తకంలా మూసే తొడుగు ఉంటే, ముందు దాన్ని విప్పించండి. మూత అతుక్కునే చోట చిన్న అయస్కాంతం ఉంటుంది. మా నాన్నగారు ఆరు నెలలపాటు దానివైపే తిరిగి సంధ్యావందనం చేశారు.

లిఫ్టు_పనివాడు
నేను పీణ్యలో ఉంటూ ఇరవై ఏళ్లుగా లిఫ్టుల మరమ్మతు చూస్తున్నాను. మీ పూజగది గోడకు అవతల లిఫ్టు గొయ్యి ఉందేమో చూడండి. ఆ గొయ్యిలో పై నుంచి కింది దాకా ఉక్కు గైడు పట్టాలు నిలబడి ఉంటాయి, ఉక్కు తలుపులు ఉంటాయి, అన్నిటికీ మించి కౌంటర్‌వెయిటు, అంటే లిఫ్టు పెట్టెకు సమతూకంగా తాళ్లకు వేలాడే బరువు, ఉంటుంది. పెట్టె పైకి వెళితే అది కిందికి వస్తుంది, పెట్టె కిందికి వస్తే అది పైకి పోతుంది. కొన్ని చోట్ల కాంక్రీటు దిమ్మలు కూడా వాడతారు గానీ పోత ఇనుపవి ఎక్కువగా కనిపిస్తాయి. మీ గోడ దగ్గర సూది లిఫ్టు కదిలినప్పుడల్లా కదులుతోందా, ఎప్పుడూ ఒకేచోట నిలిచి ఉందా అన్నది చెబితే సంగతి తేలిపోతుంది.

తూర్పు_బాల్కనీ
తొడుగు విప్పించాను, దానికి నిజంగానే అయస్కాంతం ఉంది. విప్పిన తరువాత పడకగది చాలావరకు దారికి వచ్చింది గానీ పూజగది గోడ రాలేదు. క్షేత్రాన్ని మైక్రోటెస్లాలలో చూపించే ఆప్‌తో కొలిచాను. హాలు మధ్యలో 41, పూజగది గోడ దగ్గర 46, ఇనుప బీరువాకు ఆనించినప్పుడు 70 దాటింది. గోడకు అవతల ఉన్నది లిఫ్టే. నాకు అర్థం కానిదేమిటంటే, 41కి 46కి తేడా అయిదే కదా, అంత చిన్న తేడాకు దిశ 27 డిగ్రీలు ఎలా తిరుగుతుంది?

అడయార్_మేష్టారు
మీరు ఇచ్చిన అంకెలలోనే జవాబు ఉంది. చెన్నైలో ఒక కళాశాలలో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి విరమించినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

క్షేత్రం అంటే ప్రతి బిందువు దగ్గరా ఒక పరిమాణం, ఒక దిశ ఉన్న రాశి. రెండు క్షేత్రాలు ఒకే చోట కలిసినప్పుడు వాటిని బియ్యం కొలిచినట్టు కూడకూడదు, బాణాలను కలిపినట్టు కలపాలి. దక్షిణ భారతంలో భూమి క్షేత్రం దాదాపు నేలకు సమాంతరంగా ఉత్తరం వైపు ఉంటుంది, దాని విలువ మీరు కొలిచినట్టే 41 మైక్రోటెస్లాలకు దగ్గరగా ఉంటుంది. గోడలోని ఉక్కు దానికి అడ్డంగా, అంటే తూర్పు వైపో పడమర వైపో, 21 మైక్రోటెస్లాలు కలిపిందనుకోండి. మొత్తం 62 కాదు. 41 వర్గానికి 21 వర్గాన్ని కలిపి వర్గమూలం తీస్తే 46 వస్తుంది. దిశ మాత్రం 27 డిగ్రీలు పక్కకు పోతుంది. మీ ఆప్ చూపించిన రెండు అంకెలూ, మీ మామగారు చూసిన 27 డిగ్రీలూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఆయన తప్పుగా చూడలేదు, ఆ గోడ దగ్గర అయస్కాంత ఉత్తరం నిజంగానే అటు ఉంది. అది భూమి ఒక్కదాని ఉత్తరం కాదు, అంతే.

ఇంకొక మాట. అయస్కాంత మధ్యరేఖ, అంటే సూది ఏమాత్రం కిందికి వంగకుండా నిలిచే రేఖ, మన దేశపు దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది కాబట్టి మన దగ్గర సూది కిందికి పెద్దగా వంగదు, క్షేత్రంలో దాదాపు అంతా సూదిని ఉత్తరానికి తిప్పడానికే పనికివస్తుంది. బ్రిటన్‌లో మొత్తం క్షేత్రం మనకంటే ఎక్కువే గానీ అది బాగా నేలలోకి దిగిపోతుంది, నేలకు సమాంతరంగా మిగిలేది 20 మైక్రోటెస్లాల దగ్గర మాత్రమే. ఇదే గోడ అక్కడ ఉంటే సూది 45 డిగ్రీలు తిరిగిపోయేది.

పన్నెండో_తరగతి_తల్లి
మేష్టారు గారు చెప్పినది మా అబ్బాయికి చదివి వినిపించాను. సదిశల సంకలనం రెండేళ్లుగా చేస్తున్నాడట, కానీ అది లిఫ్టు గోడ దగ్గర జరుగుతుందని వాడికి ఎవరూ చెప్పలేదట.

కోరమంగళ_కణం
లిఫ్టు పెట్టె లోపలికి వెళ్లి కొలిస్తే క్షేత్రం సున్నా రావాలి. అది లోహపు పెట్టె కాబట్టి ఫారడే పంజరంలా పనిచేసి బయటి క్షేత్రాన్ని ఆపేస్తుంది. లిఫ్టులో ఫోను సిగ్నలు పోవడానికి కారణం కూడా అదే.

లిఫ్టు_పనివాడు
రాదండి. నేను రోజూ లిఫ్టులోనే ఉంటాను. దిక్సూచి లోపల పిచ్చి దిక్కులు చూపిస్తుంది గానీ, క్షేత్రం పోయినట్టు ఎప్పుడూ చూపించదు.

అడయార్_మేష్టారు
పనివాడు గారు చెప్పినదే నిజం. కణం గారు రెండు వేరువేరు సంగతులను కలిపేశారు, ఇది నా విద్యార్థులు కూడా ప్రతి ఏడూ చేసే పొరపాటే. లోహంలో అటూ ఇటూ తిరగగల ఎలక్ట్రాన్లు ఉంటాయి. బయటి నుంచి విద్యుత్ క్షేత్రం వస్తే అవి ఒక పక్కకు జరిగి, రెండో పక్కన ధనావేశాన్ని మిగిల్చి, లోపల ఆ క్షేత్రానికి సరిగ్గా ఎదురు క్షేత్రాన్ని నిలబెడతాయి. అందుకే లోపల విద్యుత్ క్షేత్రం సున్నా అవుతుంది. ఫోను సిగ్నలు వేగంగా మారే విద్యుదయస్కాంత తరంగం కాబట్టి అది కూడా లోపలికి సరిగా రాదు. భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉండేది. దాన్ని ఎదుర్కోవడానికి ఒక పక్కకు జరగగల అయస్కాంత ఆవేశాలు ప్రకృతిలో ఇంతవరకు ఎక్కడా దొరకలేదు. అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకూ రెండు ధ్రువాలు ఉంటాయి. కాబట్టి రాగి పెట్టె, అల్యూమినియం పెట్టె నిలకడ అయస్కాంత క్షేత్రాన్ని ఏమీ చేయలేవు. ఇనుము ఆ క్షేత్రాన్ని తనలోకి లాగి దారి మళ్లిస్తుంది, వానాకాలంలో చూరు కింద రేకు పెట్టి నీటిని పక్కకు మళ్లించినట్టు. నీరు మాయం కాదు, మరో చోట ఎక్కువగా పడుతుంది.

కోరమంగళ_కణం
ఒప్పుకుంటున్నాను. విద్యుత్ క్షేత్రానికి సరిపోయే మాటను అయస్కాంత క్షేత్రానికి కూడా అతికించాను.

గుండుసూది
చర్చావేదికలో ఒకరు తప్పు ఒప్పుకోవడం అయస్కాంత ఏకధ్రువం దొరకడంకన్నా అరుదు. ఈ పుటను దాచుకుంటున్నాను.

తూర్పు_బాల్కనీ
అమ్మాయి రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. కౌంటర్‌వెయిటులో అంత ఇనుము ఉంటే, అది సూదిని తిప్పినట్టే గుండును కూడా తన వైపు లాగాలి కదా?

పరంగిమల_నీడ
లాగుతుంది. ఎంత లాగుతుందో లెక్క వేసి చూడండి. టన్ను బరువున్న కౌంటర్‌వెయిటు రెండు మీటర్ల దూరంలో ఉందనుకుంటే, న్యూటన్ సూత్రం ప్రకారం దాని గురుత్వ క్షేత్రం కిలోగ్రాముకు సుమారు 0.000000017 న్యూటన్లు. భూమిది 9.78. మూడు మీటర్ల దారానికి కట్టిన గుండు ఆ లాగుడుకు పక్కకు జరిగేది అయిదు నానోమీటర్లు. మీ అమ్మాయి తల వెంట్రుక మందాన్ని పదివేల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కంటే తక్కువ. గుండు వాలదు అనడం కంటే, వాలినా మేస్త్రీ కంటికి ఆనదు అనడం సరైనది.

నేను చెన్నైలో సర్వే పనిలో ఉన్నాను, మా ఇంటి డాబా మీది నుంచి పరంగిమల కనిపిస్తుంది. 1802లో విలియం లాంబ్టన్ ఆ కొండ దగ్గరే సుమారు 12 కిలోమీటర్ల ఆధార రేఖను గొలుసుతో కొలిచి మహా త్రికోణమితి సర్వేను మొదలుపెట్టాడు. ఆ సర్వే ఉత్తరానికి సాగి హిమాలయాల వైపు వెళ్లినప్పుడు సరిగ్గా మీ అమ్మాయి అడిగిన చిక్కే ఎదురైంది. మధ్య భారతంలోని కళ్యాణ్‌పూర్‌కూ ఉత్తర మైదానంలోని కళియానాకూ మధ్య దూరాన్ని నేల మీద కొలిస్తే ఒక అక్షాంశ భేదం, నక్షత్రాలను చూసి లెక్కగడితే మరొక భేదం వచ్చాయి. తేడా 5.236 సెకండ్ల కోణం (ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో ఒకటి సెకండు). నక్షత్రాలను చూసే పరికరాన్ని నిటారుగా నిలిపేది గుండే కాబట్టి, ఆ గుండునే కొండలు తమ వైపు లాగి ఉండాలి. మీ గదిలోని మూడు మీటర్ల దారంతో అంత కోణమంటే దాదాపు వెంట్రుక మందం.

అసలు తమాషా ఆ తరువాత మొదలైంది. ప్రాట్ అనే ఆయన హిమాలయాల బరువును అంచనా వేసి లెక్కిస్తే తేడా 15 సెకండ్లకు పైగా రావాలని తేలింది. అంటే కొండలు లాగవలసినంత లాగలేదు, మూడో వంతే లాగాయి. 1855లో ఏరీ అనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త దానికి కారణం చెప్పాడు. కొండల కింద వాటి వేళ్లు లోతుగా దిగి ఉంటాయని, ఆ వేళ్లు చుట్టూ ఉన్న బరువైన పదార్థం కంటే తేలికైనవని, నీటిలో మంచుగడ్డ తేలినట్టు కొండలు తేలుతున్నాయని ఆయన వాదన. గుండు వాలకపోవడం వల్ల భూమి లోపల ఏముందో తెలిసింది.

ఎండుమిర్చి
పైన పోసిన మిరపకాయ నేనే వెనక్కి తీసుకుంటున్నాను, ఇది చదరపు అడుగుల సంగతి కాదు. అయినా ఒక అనుమానం. ఉన్నది బలమే. సూదిని తిప్పే బలం, గుండును లాగే బలం. మధ్యలో క్షేత్రం అనేది లెక్కలు తేలిక చేయడానికి పెట్టుకున్న జమాఖర్చు పుస్తకం తప్ప, నిజంగా అక్కడ ఏదైనా ఉందని నాకు అనిపించదు.

అడయార్_మేష్టారు
ఈ అనుమానానికి గౌరవప్రదమైన చరిత్ర ఉంది. మధ్యలో ఏమీ లేకుండా ఒక వస్తువు మరొక వస్తువును దూరం నుంచి లాగుతుందన్న ఊహ అర్థం లేనిదని 1693లో న్యూటనే ఒక లేఖలో రాశాడు, అయినా తన సూత్రాన్ని అలాగే వదిలేశాడు. ఇనుపరజను గీసే రేఖలను చూసి, ఆ ఖాళీలో నిజంగా ఏదో ఉందని పట్టుబట్టినవాడు ఫారడే. ఆయనకు గణితం అంతగా రాదు. 1865లో మాక్స్‌వెల్ ఆ ఊహను సమీకరణాలలో పెట్టేసరికి, మారే విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని, మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తూ, ఆవేశాలను వెనక వదిలేసి కాంతి వేగంతో పోగలవని తేలింది. జమాఖర్చు పుస్తకం కొట్టుకు దూరంగా తనంతట తాను నడిచి వెళ్లదు కదా.

గురుత్వానికి కూడా ఇదే మాట 2017 ఆగస్టు 17న రుజువైంది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు బయలుదేరిన గురుత్వ తరంగాలు, గామా కిరణాలు (ఇవీ కాంతి జాతివే) అంత దూరం ప్రయాణించి 1.7 సెకండ్ల తేడాతో మనను చేరాయి. ఆ 13 కోట్ల ఏళ్లూ ఆ శక్తి ఎక్కడ ఉన్నట్టు? క్షేత్రంలో ఉంది. ఇక దాన్ని ఏ పేరుతో పిలుస్తారన్నది మీ ఇష్టం.

ఎండుమిర్చి
కొట్టుకు దూరంగా నడిచే పుస్తకం నన్ను ఆలోచనలో పడేసింది. ప్రస్తుతానికి సగం ఒప్పుకుంటున్నాను.

పన్నెండో_తరగతి_తల్లి
గురుత్వాన్ని ఆపే పెట్టె ఎందుకు లేదు? మేష్టారు గారు విద్యుత్తుకూ అయస్కాంతానికీ చెప్పారు, దీనికి చెప్పలేదు.

కోరమంగళ_కణం
ఈసారి జాగ్రత్తగా రాస్తాను. క్షేత్రాన్ని రద్దు చేయాలంటే ఎదురు గుర్తున్న సరుకు కావాలి. ఆవేశానికి ధన రుణ గుర్తులు రెండూ ఉన్నాయి, ద్రవ్యరాశికి ఒకటే గుర్తు. ఏ గోడ కట్టినా అది తన లాగుడును కలుపుతుందే తప్ప భూమి లాగుడును తీసివేయదు. రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ వాటి గురుత్వాకర్షణ కంటే దాదాపు 1 పక్కన 36 సున్నాలంత రెట్లు పెద్దది. అయినా మనను నేలకు పట్టి ఉంచేది గురుత్వమే ఎందుకయిందంటే, విద్యుత్తు తనను తాను రద్దు చేసుకుంటుంది, గురుత్వం పోగుపడుతూనే ఉంటుంది.

అడయార్_మేష్టారు
ఇందులో దిద్దవలసినది ఏమీ లేదు.

గుండుసూది
ఇంతకీ విద్యుత్ క్షేత్రం కొలిచే ఆప్ ఎందుకు లేదు? అన్నిటికీ ఉన్నాయి.

కోరమంగళ_కణం
ఫోనులో దానికి తగిన సెన్సరు లేదు, పైగా మన శరీరమే వాహకం కాబట్టి పట్టుకున్న చేయే క్షేత్రాన్ని చెడగొడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఆరుబయట నేల దగ్గర మీటరుకు సుమారు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రం కిందికి చూస్తూ ఉంటుంది. ఉరుము మేఘాల సంగతి వేరు. 2014 డిసెంబరు 1న ఊటీ మీదికి వచ్చిన ఒక మేఘంలో 130 కోట్ల వోల్టుల భేదం ఉన్నట్టు అక్కడి గ్రేప్స్-3 మ్యూఆన్ (ఆకాశం నుంచి ఎప్పుడూ కురుస్తుండే, ఆవేశమున్న సూక్ష్మ కణం) దూరదర్శిని పరిశోధకులు లెక్కగట్టి 2019లో ప్రచురించారు. విమానం పంపలేదు, బెలూను ఎగరేయలేదు. మేఘం గుండా వచ్చే మ్యూఆన్ల సంఖ్య ఎంత తగ్గిందో చూసి, వాటిని అంతగా నెమ్మదింపజేయాలంటే ఎంత భేదం ఉండాలో కనుక్కున్నారు.

తంగసాలై_త్రాసు
మాకు షావుకారుపేటలో బంగారం కొట్టు ఉంది. గురుత్వ క్షేత్రం చోటును బట్టి మారుతుందని మేము డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాము. కొన్నేళ్ల కిందట చెన్నైలో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాను బెంగళూరు ప్రదర్శనకు తీసుకువెళ్లి, మళ్లీ సరిచేయకుండా వాడాము. వంద గ్రాములకు ఇరవై అయిదు మిల్లీగ్రాముల దాకా తక్కువ చూపించింది. మా తమ్ముడు పనివాళ్లను అనుమానించాడు. రెండు పళ్లేల పాత త్రాసులో వేస్తే మాత్రం సరిగ్గా వంద ఉంది.

పరంగిమల_నీడ
మంచి ఉదాహరణ. చెన్నై సముద్రమట్టంలో ఉంటే బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. గురుత్వ తీవ్రత చెన్నైలో 9.783కు దగ్గర, బెంగళూరులో 9.780కు దగ్గర. ఎలక్ట్రానిక్ కాటా కొలిచేది బలాన్ని కాబట్టి దానికి తేడా తెలుస్తుంది. పళ్లేల త్రాసులో రెండు వైపులా ఒకే క్షేత్రం లాగుతుంది కాబట్టి తేడా కొట్టుకుపోతుంది. అసలు మన దక్షిణపు దిక్కంతా గురుత్వం కొంచెం బలహీనమే. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో సముద్రమట్టం ఉండవలసిన చోటు కంటే వంద మీటర్లకు పైగా పల్లంగా ఉంటుంది. దానికి లోతున ఉన్న వేడి తేలిక పదార్థం కారణమని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2023లో ప్రతిపాదించారు.

గుండుసూది
బంగారం కొనేది బెంగళూరులో, అమ్మేది చెన్నైలో. కాటా మాత్రం ఒకటే మోసుకుపోవాలి.

తంగసాలై_త్రాసు
బస్సు ఛార్జీలకు కూడా రాదు, లెక్క వేసే చెబుతున్నాను.

అడయార్_మేష్టారు
బాల్కనీ గారూ, మామగారికి దిక్కు కావాలంటే అయస్కాంతాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. మన శుల్బ సూత్రాల కాలం నుంచి ఉన్న పద్ధతి శంకువు. డాబా మీద ఒక కర్రను నిలబెట్టి, దాని మొదలు కేంద్రంగా వృత్తం గీయండి. పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకి లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, సాయంత్రం నీడ కొస మళ్లీ వృత్తాన్ని దాటే చోట ఒక గుర్తు పెట్టండి. రెండింటినీ కలిపే గీత తూర్పు పడమరలు. కర్ర నిటారుగా ఉందో లేదో మేస్త్రీ గుండుతో చూసుకోండి. ఇంట్లో మిమ్మల్ని మోసం చేయని క్షేత్రం అదొక్కటే.

తూర్పు_బాల్కనీ
ఆదివారం చేశాము. చీపురుకర్ర, సుద్దముక్క, మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన గుండు. మామగారు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా గొడుగు వేసుకుని నీడ దగ్గరే కూర్చున్నారు, భోజనం పైకే పంపించాము. డాబా మధ్యలో, నీళ్ల ట్యాంకు పైపులకు దూరంగా పెట్టిన దిక్సూచి ఉత్తరానికీ నీడ ఇచ్చిన ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే ఉంది. మా బాల్కనీ తూర్పు నుంచి ఎనిమిది డిగ్రీలు ఉత్తరానికి తిరిగి ఉందని తేలింది. ఈశాన్యానికి వాలడం మంచిదేనట, ఆయన ముఖం వికసించింది.

లిఫ్టు_పనివాడు
సంతోషం. నేను మొదట అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు. లిఫ్టు కదిలినప్పుడు గోడ దగ్గర సూది కదులుతోందా? మీది పద్నాలుగు అంతస్తుల భవనమైతే, పెట్టె అయిదో అంతస్తులో ఆగినప్పుడు కౌంటర్‌వెయిటు సరిగ్గా మీ తొమ్మిదో అంతస్తు గోడ వెనక ఉంటుంది. అప్పుడు చూసి చెప్పండి.

తూర్పు_బాల్కనీ
పద్నాలుగే. ఇప్పుడే చూశాము. అమ్మాయి కింద అయిదో అంతస్తులో లిఫ్టు తలుపు పట్టుకుని ఫోనులో మాట్లాడుతూ నిలబడింది, మామగారు గోడ దగ్గర సూదిని చూశారు. 27 డిగ్రీలు కాస్తా 34 అయింది. పెట్టె కిందికి దిగిపోగానే మళ్లీ 27కు వచ్చింది. అంటే ఎక్కువ భాగం నిలకడగా ఉన్న పట్టాలది, తలుపులది. ఏడు డిగ్రీలు కౌంటర్‌వెయిటువి. గోడకు మీటరు దూరం జరిగితే ఆ ఏడూ కనిపించలేదు.

అడయార్_మేష్టారు
రెండు ధ్రువాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి దూరం పెరిగితే వాటి క్షేత్రం గురుత్వం కంటే త్వరగా తగ్గుతుంది. దూరం రెట్టింపయితే గురుత్వం నాలుగో వంతవుతుంది, చిన్న అయస్కాంతం క్షేత్రం ఎనిమిదో వంతవుతుంది. పూజగదిని గోడకు ఒక మీటరు ఇవతల కట్టుకోండి.

తూర్పు_బాల్కనీ
కట్టుకుంటాము. ప్రస్తుతానికి మామగారు తలుపు తీసి పెట్టుకుని, అయిదో అంతస్తులో ఎవరు లిఫ్టు ఎక్కుతున్నారో గోడ దగ్గర నుంచే చెబుతానంటున్నారు. ఇప్పటికి మూడు సార్లు చెప్పారు, రెండు సరిపోయాయి.